రెండో ఫోను

జురాందీర్ బ్రెజిల్‌లోని కురిచీబాలో ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. నాలుగు నెలల కిందట డీలరు ద్వారా కారు అమ్మేశాడు గానీ, దాని యాప్ అతని ఫోనులో అలాగే ఉండిపోయింది. తెరిస్తే చాలు, కారు ఎక్కడుందో చూపించేది. ఆ కారు నుంచి తన పేరు తీసేయమని కంపెనీకి రెండుసార్లు ఫోన్ చేశాడు. కొత్త ఓనరే అడగాలన్నారు. వాళ్ల పేరు చెప్పండి, నేనే వెళ్లి చెబుతానంటే, వ్యక్తిగత సమాచార చట్టం ఒప్పుకోదన్నారు.

చివరికి ఒక శనివారం పొద్దున బస్సెక్కి, ఫోను చూపించిన దారినే లాపా ఊళ్లో ఆ కారున్న ఇంటికి వెళ్లాడు.

గేటు అవతల బిడ్డనెత్తుకున్న మనిషి అతని మాట విని పాలిపోయింది.

"ఎద్మార్ పంపాడా?"

"ఆయనెవరో నాకు తెలీదమ్మా. ఈ కారు అమ్మింది నేను. చూడు, నువ్వెక్కడికెళ్లినా నాకు కనిపిస్తోంది."

ఆమె పేరు లెనీరా. కొట్టే మొగుడు ఎద్మార్‌ను వదిలి, నెల కిందట ఎవరికీ చెప్పకుండా వచ్చేసింది. కారు కాగితాలు ఆ ఇంట్లోనే ఉండిపోయాయి.

ఆమె అతని ఫోనులో పేజీ కిందికి జరిపింది. కారుకు కలిసిన ఫోన్లు రెండు, ఒకటి జురాందీర్‌దే. రెండోది నిన్న సాయంత్రమే, కారు కాగితాల్లోని నంబరుతో కలిసింది. తీసేయబోతే, పరిశీలనకు రెండు పనిదినాలు పడతాయని వచ్చింది.

ఆమె కంపెనీకి ఫోన్ చేసింది.

"అది వేరే కస్టమర్ సమాచారం మేడమ్. మేం చెప్పకూడదు."

"నేనెక్కడున్నానో వాడికి చెప్పొచ్చు, వాడెవడో నాకు చెప్పకూడదా?"

అవతల సంగీతం మొదలైంది.

జురాందీర్ చెయ్యి చాపాడు. "తాళాలిలా ఇవ్వు. నువ్వు పడమట గ్వారపువావ ఊరి బస్సెక్కు. నేను కారేసుకుని సముద్రం వైపు పోతాను, వాడు దీని వెంటే పడతాడు."

"మీకేమైనా అయితే?"

"ముప్పై ఏళ్లు తాగుబోతుల్ని మోశానమ్మా. పద."

బస్సు కదిలాక కారు తీశాడు. మధ్యాహ్నానికి ఘాట్‌రోడ్డు దిగుతుంటే పొగమంచు కమ్మింది. కారు తెర దానంతటదే వెలిగి, రెండో ఫోను నుంచి మెసేజ్ కనిపించింది.

"ఇంతదూరం ఎక్కడికి?"

మరో మలుపు తిరిగేసరికి ఇంకొకటి వచ్చింది.

"పాప నిద్రపోయిందా?"

ఈపాటికి ఆమె బస్సు వంద కిలోమీటర్లు దాటి ఉంటుంది. జురాందీర్ బండి ఆపలేదు.