మగ సాలీడు

ఆమెకి కావలసింది ఒకే ఒక్క మగ సాలీడు. గోరంత కూడా ఉండదు. దానికోసం రబ్బరు తోటలోనూ, తోటని ఆనుకున్న అడవిలోనూ రెండు వానాకాలాలు గొడుగు తిరగేసి పట్టుకుని కొమ్మలు దులిపింది. జలగలు రక్తం తాగాయి, చెప్పులు బురదపాలయ్యాయి. పొట్ట మీద ఆకుపచ్చ చార ఉన్న ఆడవి మాత్రం కావలసినన్ని దొరికాయి. కొత్త జాతేనని ఆమెకి గట్టి నమ్మకం. కానీ అచ్చం ఇలాగే ఉండే పాత జాతి ఒకటుంది. మగదాని మొహం ముందుండే బుల్లి చేతుల్ని మైక్రోస్కోపులో చూస్తేగానీ తేడా తేలదు.

"మగది లేకుండా పేపరు పంపితే మొహాన కొడతారమ్మా," అని ఆమె పీహెచ్‌డీ గైడు మొదట్నుంచీ అంటూనే ఉన్నాడు.

చివరికి ఓ పిల్ల మగది దొరికింది. ఇంకొక్కసారి కుబుసం విడిస్తే పెద్దదైపోతుంది. సీసాలో పెట్టి పసిబిడ్డని సాకినట్టు సాకింది. దాని తిండికని ఇంట్లో కుళ్లిన అరటిపళ్ల మీద చిన్న ఈగల్ని పెంచింది.

"దాని భోజనం మీదున్న శ్రద్ధలో సగం నామీద ఉంటే బావుణ్ణు," అని భర్త నిష్ఠూరమాడాడు.

ఓ శుక్రవారం అది కుబుసం విడిచింది. ఒళ్లు గట్టిపడేదాకా ముట్టుకోకూడదని సీసాని ల్యాబు బీరువాలో పెట్టి ఇంటికెళ్లింది. సోమవారం వచ్చి చూస్తే ఆ సీసా ఖాళీ! పక్కనే ఆడ సాలీడున్న సీసాలో నాలుగు కాళ్లు, నలిగిన తొక్క.

"నిన్న యూనివర్సిటీ పెద్దలు ల్యాబు చూడ్డానికి వచ్చారు," అన్నాడు గైడు. "జంట కడతాయేమో చూపిద్దామని నేనే కలిపాను. మగది ఎంత బాగా డాన్సు చేసిందనుకున్నావ్! అందరూ చప్పట్లు కొట్టారు. టీ తాగొచ్చేసరికి..."

"తినేసింది సార్."

"సైన్సులో ఇవన్నీ మామూలేనమ్మా."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. మిగిలిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. మగదాని బుల్లి చేతులు రెండూ నుజ్జునుజ్జు.

సాయంత్రం సంగతంతా విని భర్త, "పోనీ, ఇంకోటి పట్టుకోవచ్చుగా," అన్నాడు.

"ఏం, అంగట్లో అమ్ముతున్నారా? వెళ్లి తెచ్చిపెట్టు!"

గైడుకి పడాల్సిన తిట్లన్నీ ఆ పూట అతనికి పడ్డాయి. పాపం, పెరుగన్నం ముందు బిక్కమొహం వేసుకు కూర్చున్నాడు. ఆమె మాత్రం అన్నం ముట్టలేదు.

కొన్నాళ్లకి ఆ ఆడది సీసా మూలలో తెల్లటి గూడు అల్లి గుడ్లు పెట్టింది. గైడు మొహం వెలిగిపోయింది.

"చూశావా? నేను కలపబట్టే కదా!"

నవ్వాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. పిల్లలు బయటికొచ్చాక, ఒకదాన్నొకటి తినేయకుండా ఒక్కోదాన్ని కుంచె మొనతో ఎత్తి విడివిడి సీసాల్లో వేస్తూ కూర్చుంది. మెడ పట్టేసింది. వీటిలో ఎన్ని బతుకుతాయో, ఎన్ని మగవవుతాయో ఎవరికి తెలుసు? మళ్లీ నెలల తరబడి ఈగలు, దూదితో నీళ్లు, ఎదురుచూపులు.

గైడు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఈ జాతికి నా పేరు పెడితే ఎలా ఉంటుందంటావ్?"

"ముందు మగవాటిని బతకనివ్వండి సార్," అంది తలెత్తకుండా.

ఆయన పకపకా నవ్వేసి వెళ్లిపోయాడు. ఆమె సీసాలన్నీ బీరువాలో సర్ది, తాళం వేసి, తాళంచెవి తన బ్యాగులో పడేసుకుంది.