మా పిల్లలకు పెద్దదైన పాట

ఆ పొద్దున ఆకాశం మంచు కురవాలో వాన కురవాలో తేల్చుకోలేక రెండూ కలిపి రాల్చింది. మార్చి నెల. డ్రైవరు సీట్లోంచి బస్సు అద్దం తుడిచి తుడిచి నా చేతిగుడ్డ నానిపోయింది. వెనక పదకొండు మంది పిల్లలు, హెల్వె టీచరు. మా ఊరి బడి మొత్తం అంతే.

వేసవిలో రాజధాని తాలిన్‌లో, పెద్ద మైదానంలో వేలమంది కలిసి పాడే పాటల పండుగకు బృందాలను ఎంచే పరీక్ష కోసం పట్నం వెళ్తున్నాం. నెగ్గితే, పిల్లలు తక్కువని బడి మూయాలని చూస్తున్న పంచాయతీ మా జోలికి రావడానికి జంకుతుంది. నెగ్గకపోతే జూన్‌లో తాళం. ఈ సంగతి పిల్లలకూ తెలుసు.

"హర్రి తాతా, మెల్లగా పోనీ. రాస్ముస్ మళ్ళీ కక్కేలా ఉన్నాడు!" వెనకనుంచి ఓ పిల్ల అరిచింది.

"వాణ్ని కిటికీ దగ్గర కూచోబెట్టండి. బస్సు కడిగేది నేను."

పాట మాదే. మా కమ్మరి ఎల్మార్ పోయేముందు రాసిన పద్యం. రాళ్లు ఏరిన పొలం, బురదనేల, గాలికి వాలిన రై పంట, ఇదే నా దేశం, ఇంకోటి అడగను అన్నాడు. హెల్వె దానికి బాణీ కట్టి పోటీకి పంపింది. పండుగవాళ్లు మెచ్చి, పిల్లల బృందాలన్నీ పాడి తీరాల్సిన పాటల్లో చేర్చారు.

ఆమె బాణీ కడుతున్నప్పుడు నేను బడి పొయ్యిలో కట్టెలు పెడుతున్నాను.

"హర్రీ, కళ్లు మూసుకుని విను. మైదానం నిండా పిల్లలు, ఒకేసారి మూడు వేరు వేరు స్వరాల్లో పాడే మూడు వరసల గొంతులు!"

"నాకు పదకొండు మందే కనిపిస్తున్నారు."

"నువ్వు కట్టెలు చూసుకో."

ఇక్కడ పాట కట్టే ఎవరికైనా చెవిలో ఆ మైదానమే మోగుతుంది. ఎదురుగా ఉన్న గది వినిపించదు.

పరీక్షలో మొదటి రెండు పాటలూ బాగానే పాడారు. మూడోది మాది. కింది స్వరం పాడే వరసకు ముగ్గురే, అందులో రాస్ముస్‌కు జలుబు. రెండో చరణంలో వాళ్లు పై వరస గొంతులోకి జారిపోయారు. పై వరస ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే జారారు.

పరీక్ష చేస్తున్న పెద్దావిడ కళ్లజోడు తీసి హెల్వె వైపు చూసింది. "ఇది మీరు కట్టిందేనా అండీ?"

"నేనే."

"చాలా బాగుంది. కానీ దీనికి ముప్పై గొంతులైనా కావాలి."

"రెండు వరసలకు తగ్గించి పాడిస్తే?"

"అచ్చయిపోయింది కదమ్మా. అందరూ ఒకేలా పాడాలి."

హెల్వె తలూపింది. పిల్లల చేతుల్లోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసుకుంది.

తిరుగు దారిలో చిన్నది కైసా అడిగింది. "టీచర్, మన పాట మనం లేకుండానే పాడేస్తారా?"

"పాడతారు."

"అందరూనా?"

"అందరూ."

"మంచి పాటేలే," అన్నాడు రాస్ముస్ ముక్కు ఎగబీలుస్తూ. "మా అన్న చొక్కాలాగ మనకే వదులైంది."



బడికి చేరేసరికి వంటమ్మ సల్మె గుమ్మంలో నిలబడి ఉంది. నా మొహం చూసి వడ్డించడానికి లోపలికి పోయింది. బార్లీ గింజలతో మెదిపిన బంగాళాదుంప ముద్ద, పైన వేయించిన పందిమాంసం. హెల్వె పెద్దల బల్లకు పోకుండా పిల్లల మధ్య పొట్టి బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. నేనూ ఆ చివర కూర్చున్నాను. రొట్టె చేతులు మారింది. అందరం తిన్నాం.