ఎనిమిది బిస్కెట్లకు చోటేది?

ఖతార్‌లో పదకొండేళ్లు గోడలు కట్టిన మనిషికి పెన్షన్ లేదు. ముసలితనంలో ఏం తింటావని ఏ కంపెనీ అడగదు. అందుకే మా మేస్త్రీ లస్మయ్య కాక బీడీలు మానేసి, చేపల కూర మానేసి, దోహా బంగారు బజారులో ఒక్కోటి తులం బరువుండే బంగారు బిస్కెట్లు ఎనిమిది కొన్నాడు. అదే ఆయన పెన్షన్. గుడ్డలో కుట్టి రేకుపెట్టె అడుగున దాచుకున్నాడు.

1996 జూన్‌లో మా అబూ హమూర్ కూలీల క్యాంపులో నోటీసు పెట్టారు. శనివారం నల్లుల మందు కొడతారట, పెట్టెలన్నీ తెరిచి బయట పెట్టాలట. విలువైనవి ఉంటే ఆఫీసు సేఫులో ఇవ్వాలట. రెండు వందల మంది కళ్ల ముందు పెట్టె తెరిస్తే ఆ మూట ఉంటుందా?

"ఊర్ల చిన్నమ్మకు పంపరాదు కాకా?" అన్నాను, ఆయన భార్యను తలచుకుని.

"గంగామణి మాటలు నింపి పంపిన క్యాసెట్ల ఏమన్నది సురేందరూ? ఇంటికి తేకు, నీ తమ్ముండ్లు పంచుమంటరు, దుబాయ్‌లనే ఉంచు అన్నది." మా ఊళ్లో గల్ఫంతా దుబాయే.

గురువారం బ్యాంకుకు వెళ్ళాం. లాకర్ కావాలంటే పాస్‌పోర్ట్ చూపమన్నారు. కాక ఖతార్‌లో దిగిన రోజే దాన్ని కంపెనీ లాక్కుని సేఫులో పెట్టింది. శుక్రవారం అల్ రయ్యాన్ వెళ్ళి, ఒక పెద్ద ఇంట్లో డ్రైవరుగా ఉన్న నాగప్పను అడిగాం. కారు షెడ్డు పక్కన అతనికి గది ఉంది.

"పెడితే పెట్టు లస్మన్నా. గానీ తాళంచెవి ఇంగోటి మేడమ్ కాడ ఉండాది. నేను డ్యూటీకి పోతే ఎవురొస్తారో, ఏం తీస్తారో నాకేం తెలుసు? నా గది అంటాండాను గానీ, దాంట్లో నాదేముంది?" అన్నాడు నాగప్ప.

తిరుగు దారిలో కాక తేల్చేశాడు. "ఆఫీసు సేఫుల్నే పెడ్త. పాస్‌పోర్ట్ పదకొండేండ్ల సంది ఆడనే ఉన్నది. ఎలుక సుత కొరకలే."

నాకు ఒళ్లు మండింది. "అది దాసిపెట్టుడు కాదు కాకా, జైలు! పాస్‌పోర్ట్ ఒక్కసారన్న అడిగినవా? రేపు అడిగి సూడు, ఇస్తరేమో!"

శనివారం పొద్దున్నే ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాం. లోపల క్లర్కు ఖుత్బుద్దీన్, హైదరాబాదువాడు.

"సాబ్, ఒక్క పూటకు పాస్‌పోర్ట్ ఇయ్యి. బ్యాంకు లాకర్ తీస్కుంట," అన్నాడు కాక.

"పారిపోతవా ఏంది లస్మయ్యా? మాఫీ, ఇచ్చుడు లేదు! ఆ మూట ఇటియ్యి, చీటీ రాసిస్త. ఎగ్జిట్ కొట్టి ఇంటికి పోయేనాడు రెండూ కలిపి తీస్కో. యల్లా, డ్యూటీకి నడువు."

"నడుమల అక్కర పడితే?"

"మేనేజర్ ఇష్టం."

"మేనేజర్ కట్టిండా ఆ గోడలు?" అని అరిచాను. కాక నా చెయ్యి పట్టి ఆపాడు. ఆ నెలతో ఆయన కాంట్రాక్టు అయిపోతోంది. ఇంకో రెండేళ్లకు వేలిముద్ర వేయమని ఖుత్బుద్దీన్ కాగితం తోశాడు. ఆ రెండేళ్లలో ఇంకో రెండు బిస్కెట్లు కొని పది చేయాలని కాక ఆశ.

కాక కాగితాన్ని వెనక్కి తోసేశాడు.

"ఎయ్య. ఎగ్జిట్ రాసుకో."

"పాగల్ అయినవా? ఇంటికాడ ఏం తింటవ్?"

"గివే తింట. తమ్ముండ్లు వస్తే వాకిట్ల నేనే అడ్డం కూసుంట. నా సొమ్ముకు నేను సచ్చేదాక నీ చీటీ మీద బతకాల్నా?"

ఎగ్జిట్ వచ్చేదాకా తొమ్మిది రోజులు మూట కడుపుకు కట్టుకునే పనిచేశాడు. చెమటకు చర్మం పగిలి పుండయింది. అయినా విప్పలేదు. అది గెలుపని ఎవడూ నా ముందు అనొద్దు. ఇంకా గోడలు కట్టగల చేతులను, ఒక్క పూటకు పాస్‌పోర్ట్ ఇవ్వడం ఇష్టంలేక తరిమేశారు.

కాకను ఎయిర్‌పోర్టు బస్సెక్కించి నేరుగా ఆఫీసు కిటికీకి పోయాను. నా పాస్‌పోర్ట్ ఇమ్మన్నాను. నా వెనక, తమవీ ఇమ్మంటూ క్యాంపువాళ్లు పదకొండు మంది నిలబడ్డారు. ఖుత్బుద్దీన్ కిటికీ మూసేశాడు.

మేం కదల్లేదు.