ఖాళీ లేదు

"మా కోడలి నోట కుదరదన్న మాటే రాదు" అని అత్తగారు ఇంటికొచ్చిన వాళ్ళందరి దగ్గరా మురిసిపోయేది. పైకి పొగడ్తే. కానీ ఆ పొగడ్త వినబడిందంటే ఎవరివో బట్టలు ఇస్త్రీ చెయ్యాలనో, ఎవరి పిల్లలకో లెక్కలు చెప్పాలనో కోడలికి అర్థమైపోయేది. కొంగు బిగించుకుని లేచేది.

పగలు ఆమె ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుంటుంది. పొద్దునా సాయంత్రం ఇంటి చాకిరీ ఉండనే ఉంది. ఆ రెంటి మధ్యా దొరికిన కాస్త సందులో ఒక క్లాసులో చేరి సాఫ్ట్‌వేర్ డిజైన్ నేర్చుకుంటోంది. "డాక్టర్ల గదుల్లో ఉండే కంప్యూటర్లు క్లయింట్లు, అవి అడుగుతాయి. వెనకనుండి జవాబిచ్చేది సర్వరు" అని టీచరమ్మ మొదటిరోజు చెబితే, ఓస్ ఇంతేనా, పెళ్ళైనప్పటినుంచీ నేను చేస్తున్నది ఇదేగా అనుకుంది. అదిగో, అక్కడే పప్పులో కాలేసింది.

పోయిన వారం ఆమె తయారుచేసిన అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షిద్దామని టీచరమ్మ క్లాసులో అందరినీ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, ఒకే డాక్టరుని ఒకే సమయానికి అడగమంది. సర్వరు అందరికీ సరేనంది. ఒక డాక్టరు, ఒక కుర్చీ, క్లాసెడు రోగులు. అందరూ ఘొల్లుమన్నారు. టీచరమ్మ నవ్వలేదు.

"ఏమ్మా, నీ సర్వరు ఎవరికీ లేదని చెప్పదా?"

ఆమె తను రాసిందంతా పైనుంచి కిందికి చూసుకుంది. లేదని చెప్పే దారి అసలు రాయనేలేదు. మర్చిపోయి కాదు. అడిగితే లేదనొచ్చన్న ఆలోచనే ఆమెకు తట్టలేదు.

ఆ సాయంత్రం కుక్కర్ పెట్టి, వంటింటి గట్టు మీదే లాప్‌టాప్ తెరిచి ఆ దారి రాయబోయి రెండుసార్లు చెరిపేసింది. నవ్వుకోవాల్సిన సంగతే, యంత్రం చేత చెప్పించడానికి కూడా భయం! 'క్షమించండి, దయచేసి ఏమీ అనుకోకండి, మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు...' అంటూ తెర నిండా రాసింది. మర్నాడు టీచరమ్మ అదంతా కొట్టేయించింది.

"ఖాళీ లేదు. అంతే. ఎప్పుడుందో చెప్పు. అడిగినవాళ్ళకి కావాల్సింది అదే."

ఆమె భయం ఊరికే పుట్టుకొచ్చింది కాదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి, ఒళ్ళు కాలిపోతున్న జ్వరంలో, భర్త స్నేహితులకు వంట చెయ్యలేనంది. ఆయన అరవలేదు. చెయ్యి చేసుకోలేదు. మాట మానేశాడు. కంచం ముందు పెడితే లేచి వెళ్ళిపోయేవాడు. ఆమె గదిలోకి వస్తే ఆయన బయటికి నడిచేవాడు. "వాడితో పెట్టుకోకమ్మా, మొండివాడు" అని అత్తగారు కళ్ళొత్తుకునేది. ఆఖరికి ఏం తప్పు చేసిందో తెలియకుండానే ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆ నిశ్శబ్దాన్ని ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇవాళ ఆసుపత్రి పై అంతస్తులో, సాఫ్ట్‌వేర్ విభాగం పెద్దాయన ముందు ఆమె తన పని చూపించాలి. నచ్చితే పైన ఉద్యోగం. నచ్చకపోతే జన్మంతా కింద రిసెప్షన్ బల్ల దగ్గరే. వరండాలో కూర్చుంది, ఒళ్ళో లాప్‌టాప్. ఫోను వణికింది. తెర మీద భర్త పేరు.

"అక్కావాళ్ళు దారిలో ఉన్నారు. ఇంట్లో వండిందేమీ లేదు. వెంటనే బయల్దేరు."

"ఇవాళ నాకు... పొద్దున చెప్పానుగా అండీ..."

"చెప్తే? మళ్ళీ ఎప్పుడైనా చూపించుకో. పారిపోతుందా అది?"

అటెండరు తలుపు తీసి, "తర్వాత మీరేనమ్మా" అన్నాడు.

ఆమె వెళ్ళిపోదామనే లేచింది కూడా. సరేనండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఎన్నేళ్ళ అలవాటో. కళ్ళు మాత్రం లాప్‌టాప్ తెర మీద పడ్డాయి. చూపించడానికని తెరిచి ఉంచిన సర్వరు జవాబు అక్కడే ఉంది. బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు దాన్నే చదివింది.

"ఇప్పుడు ఖాళీ లేదు. ఆరు తర్వాత ఉంది."

అటువైపు నిశ్శబ్దం. అదే, ఆమెకు బాగా తెలిసిన నిశ్శబ్దం. క్షమించండి అనబోయింది. పెదవి కొరుక్కుని ఆగింది.

"ఏంటి... ఎవరు నేర్పారు నీకీ మాటలు?"

"ఎవరూ నేర్పలేదండీ. నేనే రాసుకున్నాను."