లేచినవాళ్ళ పుస్తకం

కట్టుడు పళ్ళు చేసే ఆ గదిలో పదకొండేళ్ళుగా పళ్ళక్క చేతిలో ఒక్క సెట్టు పాడైతే ఒట్టు. అచ్చుల గిన్నె పొయ్యెక్కించి, నీళ్ళు తెర్లగానే, చిగుళ్ళకి బుడగలు లేవకుండా మంట తగ్గించేది. అవి సన్నగా ఉడికే గంటన్నరలో రెండు వీధుల అవతలున్న ఇంటికి పరిగెత్తి, నడుం పడిపోయిన మొగుణ్ణి పక్కకి తిప్పి, నాలుగు ముద్దలు తినిపించి వచ్చేసేది. యజమాని పెద్దాయన ఏనాడూ గడియారం చూడలేదు. పని బంగారంలా వస్తుంటే గడియారంతో ఆయనకేం పని?

పెద్దాయన మంచానపడ్డాక అల్లుడు దిగాడు. ఆ మహానుభావుడు వస్తూనే ఒక్కో బల్ల మీద ఒక్కో పుస్తకం పెట్టించాడు. కుర్చీలోంచి లేవాలంటే సమయం, కారణం, తిరిగొచ్చే సమయం రాసి, ఆయనగారి సంతకం చేయించుకున్నాకే కదలాలట. తను మాత్రం అద్దాల గదిలో కూర్చుని ఎవరు లేస్తారా అని కాపలా కాసేవాడు. అంతకన్నా పనేముంది పాపం!

పళ్ళక్క సిగ్గు చంపుకుని మొగుడి సంగతి చెప్పుకుంది. ఒకరికిస్తే అందరూ అడుగుతారన్నాడు. సాయంత్రం దాకా ఆగమన్నాడు.

తొమ్మిదో రోజుకి మొగుడి వీపు మీద గుండీ అంత పుండు లేచింది. "నాకేం తెలియట్లేదులే," అన్నాడతను.

మర్నాడు ఎనిమిది సెట్లు పొయ్యి మీదున్నాయి. నీళ్ళు తెర్లాయి. మంట తగ్గించాలని పుస్తకంలో రాసి చెయ్యెత్తింది. ఫోన్లో ఉన్న అల్లుడు ఆగమని సైగ చేశాడు. సరే, ఆగింది. గిన్నె మూత ఎగిరెగిరి పడుతున్నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయనగారి ఫోను అయ్యేసరికి పళ్ళ చిగుళ్ళన్నీ బుడగలు లేచి జల్లెడలయ్యాయి.

"ఎదురుగా మరుగుతుంటే కళ్ళు కనపడలేదా నీకు?"

"కళ్ళు బాగానే కనపడ్డాయండీ. మీ సంతకమే కనపడలేదు."

పక్క బల్లలవాళ్ళు తలలు దించుకుని కిసుక్కుమన్నారు. అల్లుడి మొహం కందగడ్డయింది. ఇకమీదట పొయ్యి దగ్గరికి లేస్తే సంతకం అక్కర్లేదని గొణిగాడు.

"మరి ఇంటికో?"

"ఇంటి పని ఇంటికెళ్ళాకే."

పళ్ళక్క పుస్తకంలో ఒక వరస రాసి ఆయన ముందుకి తోసింది. ఏం రాసిందో చూడనైనా చూడకుండా, అలవాటుగా గీకిపారేశాడు. ఆమె పళ్ళ మైనం చెక్కే తన కత్తి రుమాల్లో చుట్టుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు చదివాడు అల్లుడు. లేచిన సమయం: పన్నెండున్నర. కారణం: మా ఆయన్ని పక్కకి తిప్పాలి. తిరిగొచ్చే సమయం: రాను.

దాని కింద తన సంతకం తడారకుండా ఉంది.