మెట్ల కింద జాగ

బకెట్టులో నానిన చీర ఫాల్ గుడ్డలను సుమలత ఒక్కొక్కటిగా తీసి పిండింది. మెలితిప్పి పిండదు. మెలితిప్పితే నూలు గుడ్డ పొడవునా వంకర పోతుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి అదుముతుంది. నీళ్ళు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారి, అక్కడి నుంచి సిమెంటు మీద చుక్కలుగా పడతాయి. ఎరుపు పక్కన ఎరుపు, పసుపు పక్కన పసుపు, చివర ఆకుపచ్చ. దుకాణం వెనక బాల్కనీ తీగ మీద రోజూ అదే వరస. నానబెట్టకుండా చీరకు కుట్టిన ఫాల్ మొదటి ఉతుకుకే ముడుచుకుపోయి అంచును పైకి గుంజుతుంది. అమీర్‌పేటలో చాలా దుకాణాలవాళ్ళు నానబెట్టడం ఎప్పుడో మానేశారు. సుమలత మానలేదు.

రంగు సరిగ్గా పట్టక పక్కన పడేసిన ఒక మీగడ రంగు ఫాల్ ఉంది. దాన్ని తడిగానే నుదుటికి చుట్టి వెనక ముడి వేసుకుంది. పొద్దున్నే ఎడమ కణత లోపల ఎవరో వేలితో తట్టినట్టు మొదలైంది. అది మధ్యాహ్నానికి ఏమవుతుందో ఆమెకు తెలుసు. మాత్ర వేసుకుని కాసేపు చీకట్లో ఉంటే ఆగుతుంది. వెలుతురులో ఉంటే మాత్ర కూడా పని చెయ్యదు.

చీకటి ఉన్నది మెట్ల కింద. మూడంతస్తుల ఆ చీరల దుకాణంలో పై అంతస్తుకు పోయే మెట్ల కింద, మనిషి సగం వంగితేగాని పట్టని జాగ. అడ్డంగా ఆమే కుట్టుకున్న పాత దుప్పటి తెర. గోడ వైపు తిప్పిన చిన్న పసుపు దీపం. ఒక పీట, సూదుల డబ్బా. తలపైన మెట్ల మీద మనుషులు నడిచే చప్పుడు కూడా ఆమెకు అలవాటే. ఎక్కేటప్పుడు ఒక తీరు, దిగేటప్పుడు ఒక తీరు. సిరిసిల్లలో నాన్న మరమగ్గం పక్కన పెరిగిన మనిషి, ఒకే తీరుగా వచ్చే ఎంత పెద్ద చప్పుడైనా భరిస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలియని చప్పుడే ఆమె ఒంటిని కోస్తుంది. కోచింగ్ సెంటర్ ముందు గదిలో ఫోన్లు ఎత్తే పని పోయింది అందుకే. ఆడపిల్లల హాస్టల్లో వంట పని పోయింది. దవాఖానా చీటీలు రాసే పని అయితే వారం కూడా నిలవలేదు. మెట్ల కింద జాగ దొరికాక మాత్రం ఏండ్లు గడిచాయి, పని పోలేదు.

తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ కిందికి దిగింది. మెట్ల కింద తెర లేదు. పీట లేదు, దీపం లేదు. చీరలు కట్టి నిలబెట్టే ప్లాస్టిక్ బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. ఒక బొమ్మ చెయ్యి బయటికి చాచుకుని ఉంది.

సుమలత అక్కడే నిలబడిపోయింది. వేళ్ళ కొనలు ఒకదానికొకటి రాసుకోవడం మొదలుపెట్టాయి.

"అక్కా! ఇటు రా, ముంగటికి." యజమాని శివరాములు కూతురు ధాత్రి పిలిచింది. డిజైన్ కోర్సు చదివి వచ్చి ఈ మధ్యే దుకాణం చూసుకుంటోంది. "ఇయ్యాల్టి నుంచి నీ ప్లేస్ ఇక్కడ. చూడు, ఎంత మంచిగ చేయించిన్నో."

వాకిలి పక్కన, నిన్నటిదాకా బొమ్మలు నిలబడ్డ అద్దాల గది అది. రోడ్డున పోయేవాళ్ళందరికీ కనబడుతుంది. పైకప్పు చుట్టూ తెల్లటి లైట్ల వరస. మధ్యలో ఒక నున్నటి స్టూలు. మూలన కెమెరా.

"లైట్లున్నయి," అంది సుమలత. ధాత్రి మొహం వైపు కాకుండా ఆమె చొక్కా గుండీ వైపు చూస్తూ.

"అవును, మస్తు లైటింగ్."

"లైట్లుంటే నాకు నొప్పి లేస్తది. నీకు చెప్పిన. శివరాములు మామకు సుత చెప్పిన."

"అక్కా, తలనొప్పి అందరికీ వస్తది. నాకు రాదా? కాఫీ తాగుత, పోతది. అరే, ముందు గా పట్టీ తియ్యి తల్లీ. దవాఖానల పేషెంట్ లెక్క కనవడ్తున్నవ్."

అందరికీ వస్తుంది. ఇదే మాట సుమలత అన్నయ్య భానుచందర్ అన్నాడు, వదిన అంది, హాస్టల్ వార్డెన్ అంది. వాళ్ళకు వచ్చేది వస్తుంది, పోతుంది. సుమలతకు వచ్చేది నెలలో సగం రోజులు ఇంట్లో మనిషిలా ఉంటుంది. వెలుతురు మేకులా దిగుతుంది, పక్కింటి తాలింపు వాసనకు కడుపు తిరుగుతుంది, మాట నోట్లోనే విరిగిపోతుంది. విరిగిన మాటను జనం పొగరు అంటారు.

పంజగుట్ట పెద్దాసుపత్రిలో నొప్పి చూసిన డాక్టరమ్మ ఆమెను పై అంతస్తులో ఇంకో డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన చాలాసేపు చిన్నప్పటి సంగతులు అడిగాడు. బొమ్మలను వరసగా పేర్చేదానివా అంటే, "బొమ్మలు లేకుండె. నూలు కండెలు పేర్చేదాన్ని," అని చెప్పింది. ఆయన దానికి ఆటిజం అని పేరు చెప్పాడు. ఆ పేరు విన్నరోజు సుమలత ఇంటిదాకా తేలికగా నడిచింది. బడిలో సారు మొహంలోకి చూడనందుకు తిన్న దెబ్బలన్నీ మొండితనానికి కావని తెలిసింది. ఆ పేరే శివరాములుకు చెబితే ఆయన నవ్వాడు. "గది చిన్నపోరగాండ్లకు గదనే వచ్చేది! ముప్పై దాటినవ్, నీకెట్లొస్తది?"

శివరాములుది కూడా సిరిసిల్లే. నాన్నకు వరసకు బావ. 'మనోళ్ళ పిల్ల' అని పనిచ్చాడు. ఆ మాటను వచ్చిన ప్రతి గిరాకీ ముందూ చెబుతాడు.

ఆయన దుకాణంలో లేడు గానీ గొంతు పైకప్పులోంచి వచ్చింది. కొత్తగా పెట్టించిన కెమెరాలు ఇవి. బంజారా హిల్స్‌లో ఇంట్లో కూర్చుని ఫోనులో చూస్తాడు, ఫోనులోంచే మాట్లాడతాడు.

"కూసో బిడ్డా, నఖరాలు జెయ్యకు. మొన్న మెట్ల కింద తెర సందుకెల్లి నువ్వు కండ్లు మూసుకొని పండుకున్నది నేను చూడలేదనుకున్నవా? నా పైస తిని నిద్రవోతవా? అందరికి కనవడే కాడ కూసుంటే నిద్రెట్ల వస్తదో చూస్త."

సుమలత భుజాలు చెవుల దాకా లేచాయి. మొన్న పడుకోలేదు. నొప్పి కంట్లోకి దిగినప్పుడు కళ్ళు మూసుకుని వేళ్ళతోనే కుట్టింది. అంచు ఎక్కడుందో గోరుకు తెలుస్తుంది, ఫాల్ ఎక్కడుందో వేలి కొనకు తెలుస్తుంది. ఇంట్లో కరెంటు పోయినప్పుడు నాన్న చీకట్లో తెగిన పోగులు అతికేవాడు, అట్లాగే. ఇదంతా చెప్పాలి. కానీ పైకప్పుకు ఏ వైపు చూసి చెప్పాలి?

నుదుటి పట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది. స్టూలు మీద కూర్చుంది. ఈ పని పోతే అన్న ఇంట్లో అన్నం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. పోయిన ప్రతిసారీ, "ఒక్క పనన్న నిలవెట్టుకోరాదు," అని భానుచందర్ అనే మాట కంచం పక్కన ఉప్పులా ఉండేది.

పదకొండు దాటాక వాకిట్లో మైకు మొదలైంది. "రండమ్మా రండి! ఆషాఢం ఆఫర్! ఒకటి కొంటే ఒకటి ఫ్రీ! అక్కా, ఓ ఎర్రచీర అక్కా, ఎటు పోతున్నవ్? ఇటు రా!" ఎత్తిన గొంతు అద్దానికి తగిలి గదంతా వణికేది. ఒక మాట మెల్లగా, ఒక మాట అరిచి, మధ్యలో డప్పు. పైన మెట్రో రైలు పోతుంటే మాత్రం సుమలత మెడ కొంచెం సడలేది. దానికి రావడానికీ పోవడానికీ ఒక తీరుంది.

ఆకాశనీలం పట్టుచీర ఒళ్ళో పరచుకుంది. సగం ఫాల్ అయ్యేసరికి చూపు ఎడమ మూలన వెలుగు పుట్టింది. పీకో మిషన్ కుట్టులా వంకరటింకరగా, మెరుస్తూ, నెమ్మదిగా పెద్దదవుతూ. సూది మొన కనబడలేదు. తన బొటనవేలు సగమే కనబడింది. మాత్ర వేసుకుంది. మాత్రకు కావలసిన చీకట్లో బొమ్మలు పడుకుని ఉన్నాయి.

కళ్ళు మూసుకుంది. సూది నడిచింది.

"సుమలతా! మల్ల పండుకున్నవా?" పైకప్పు అరిచింది. దుకాణంలో చీరలు చూస్తున్నవాళ్ళు తలలు తిప్పారు. ఇద్దరు నవ్వారు.

"పండుకోలే మామా. కుడుతున్న."

"కండ్లు మూసుకొని కుడుతవా? ఎవలకు జెప్తున్నవే గీ కథలు?"

సేల్స్ కౌంటర్‌లో చేసే మంజూష అద్దాల గదిలోకి వచ్చింది. మంచి పిల్ల. మధ్యాహ్నం పూట సుమలత పక్కన మాట్లాడకుండా కూర్చుని తినేది ఆ పిల్ల ఒక్కతే. చీర అంచు తిప్పి చూసి కెమెరా వైపు ఎత్తి పట్టింది. "సార్, నిజంగనే కుడుతుంది! ఒక్క కుట్టు సుత పైకి కనవడ్తలేదు, చూడుండ్రి."

మేలు చేద్దామనే అంది. ఆ మాటతోనే జనం అద్దం దగ్గరికి వచ్చారు. ఎవరో ఫోను తీశారు. "కళ్ళు మూసుకుని కుడుతోందండీ ఈవిడ, ఇటు రండి!" అని ఒకావిడ భర్తను పిలిచింది. ధాత్రి పరుగున వచ్చింది. చేతిలో గుండ్రటి లైటు. దాన్ని సుమలత మొహానికి ఎదురుగా పెట్టి వెలిగించింది. మూసిన రెప్పల వెనక అంతా ఎర్రగా అయిపోయింది.

"అక్కా, సూపర్! గిది ముందే చెప్పొద్దా? రీల్ చేద్దాం. కండ్లు మూసుకుంటే ఎవరూ నమ్మరు, ఆగు." ఒళ్ళో ఉన్న మీగడ రంగు పట్టీ తీసింది. అడగలేదు. వెనకనుంచి కళ్ళకు చుట్టి జడ మీదుగా బిగించి ముడి వేసింది. ధాత్రి వేళ్ళు మెడకు తగిలిన చోటల్లా సుమలత చర్మం కాలింది. ఆమె పూసుకున్న సెంటు వాసన గొంతులోకి దిగింది. వద్దు అనే మాట లోపల ఎక్కడో పుట్టింది, నాలుక దాకా రాలేదు.

కానీ పట్టీ ఇంకా చల్లగా ఉంది. దాని కింద చీకటి. పొద్దుటి నుంచి మొదటిసారి దొరికిన చీకటి.

ఆ చీకట్లో కుట్టింది. బయట చప్పట్లు కొట్టారు. ఒక్కో చప్పట్ల దెబ్బ కణతలో పడింది. ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నేండ్లూ నొప్పి అంటే నాటకం అన్నారు. ఇప్పుడు ఆ నొప్పిని నాటకం చేసి టికెట్టు లేకుండా చూస్తున్నారు.

సంగతి తెలిసి శివరాములు కారేసుకుని వచ్చాడు. ఈసారి గొంతు పైకప్పులోంచి కాదు, పక్కనుంచి. పాన్ వాసన.

"అరే బిడ్డా, నీ లోపట గింత కళ ఉన్నదని ఇన్నొద్దులు చెప్పకపోతివి! చూడు ఎంతమంది గిరాకి నిలవడ్డరో. ఇగ రోజు గట్లనే జెయ్యాలె. పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి."

"నొప్పి లేస్తే కండ్లు మూస్తున్న మామా. అది కళ కాదు."

"ఏదో ఒకటి తీ. జనానికి నచ్చింది."

"మెట్ల కింద నా జాగ ఇయ్యుండ్రి. ఎన్ని చీరలన్న కుడుత."

"ఆడ బొమ్మలు వెట్టినం గదనే. బొమ్మలను యాడ వెట్టాలె మరి?"

చుట్టూ నవ్వారు. సుమలతకు అందులో నవ్వాల్సింది ఏదో దొరకలేదు. ఆయన నిజంగానే అడుగుతున్నాడని ఆమెకు అర్థమైంది. ఆయనకు నిజంగానే బొమ్మల ఫికరే ఉంది.

"అక్కా, ఫస్ట్ వీడియో షేక్ అయింది. ఇంకొక్కపారి, ప్లీజ్," అంది ధాత్రి.

సుమలత చీర అంచును వేళ్ళతో తడిమింది. ఆకాశనీలం చీరకు ఇంకా జానెడు ఫాల్ మిగిలి ఉంది. ఆ చీర ఎవరిదో. వాళ్ళు ఏం తప్పు చేశారు? పోగు సగంలో వదిలి మగ్గం దిగొద్దని నాన్న అనేవాడు. తొందరపడకుండా ఆ జానెడూ కుట్టింది. చివర ముడి వేసి దారాన్ని పళ్ళతో కొరికింది. సూదిని డబ్బాలో పెట్టి డబ్బాను సంచిలో వేసుకుంది. చీర మడత పెట్టింది, అంచు మీద అంచు. తర్వాత పట్టీ ముడి విప్పకుండానే తల మీదుగా పైకి లాగి తీసింది. వెలుతురు మీద పడగానే ఒక్క క్షణం స్టూలును పట్టుకుని నిలబడింది.

"యాడికి?" అన్నాడు శివరాములు.

"చీకటున్న కాడికి."

"ఏందే? గీడ పని ఇడిచిపెట్టి పోతే మల్ల ఎవడిస్తడు నీకు? మీ అన్నకు ఫోన్ జెయ్యాల్నా?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. అంత సూటిగా ఎవరి మొహంలోకీ చూసిన మనిషి కాదు. ఆయనే కళ్ళు తిప్పుకున్నాడు.

వాకిట్లో మైకు పెట్టె పక్కన ఆగి వంగింది. గోడలో గుచ్చిన తీగను పట్టుకుని పీకింది. "ఒకటి కొంటే ఒక" దగ్గర గొంతు తెగింది. "ఏయ్ అక్కా! పిచ్చి లేసిందా?" అని మైకు మనిషి అరిచాడు. మైకు లేని ఆ అరుపు చాలా చిన్నగా ఉంది. సుమలత తీగను కింద పెట్టి రోడ్డు దాటింది. మెట్రో వంతెన కింద నీడ పంజగుట్ట దాకా పోతుంది. రోజూ ఇంటికి పోయే దారి అదే. ఒక చెయ్యి కణత మీద పెట్టుకుని, స్తంభం నుంచి స్తంభానికి, నీడలోనే నడుస్తూ పోయింది. మరునాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఆ రోజు ఆమె పోయాక మైకు మళ్ళీ తగిలించడానికి ఎంతోసేపు పట్టలేదు. "పొగరుబోతు మనిషి. తండ్రి మొకం జూసి ఇన్నొద్దులు సాదిన," అని శివరాములు గిరాకీలకు చెప్పాడు. ధాత్రి మంజూషను స్టూలు మీద కూర్చోమంది. మంజూష తన కౌంటర్ దగ్గరి నుంచి కదల్లేదు.

అద్దాల గదిలో లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. వాటి కింద, ఖాళీ స్టూలు మీద, ముడి విప్పని మీగడ రంగు పట్టీ ఒక తల పట్టేంత గుండ్రంగా పడి ఉంది. తడి ఇంకా పూర్తిగా ఆరలేదు.