మైనంలో మిగిలిన ఇన్నమ్మ

నేను ఒక మైనపు బిళ్ళను. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండను. కొవ్వొత్తికి చుట్టాన్నే గానీ నన్నెవరూ వెలిగించరు. నా కడుపులో చింతగింజంత కండ ఉంది. అది ఇన్నమ్మది.

నాకు ఎప్పుడూ దిగులే. నన్నుంచిన డబ్బా మూత కదిలితే చాలు, ఇప్పుడు ఎవరి నుంచి ఎడబాపుతారో అని గుబులు. నా పుట్టుకే ఎడబాటుతో మొదలైంది మరి. గుంటూరు ఆసుపత్రిలో ఇన్నమ్మ రొమ్ములోని గడ్డ తీశారు. అందులో ఓ ముక్కను, పక్కనున్న మంచి కండతో సహా మందునీళ్ళలో నానబెట్టి, కరిగిన మైనం పోసి బిళ్ళకట్టించారు. అలా నేనయ్యాను. ఉల్లిపొర కన్నా పల్చగా నన్ను చెక్కి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద చూసి "క్యాన్సరే" అన్నారు. మనుషులు ఎదురుగా ఉన్న మనిషి కన్నా ఆమెలోంచి తీసిన ముక్క మాటనే ఎక్కువ నమ్ముతారు.

ఆపరేషనుకు ముందు ఇన్నమ్మ తన అక్క శౌరమ్మ చెయ్యి పట్టుకుందట. "నన్ను ముక్కలుగా ఎక్కడా వదలొద్దక్కా. కడపటి దినాన లేచేటప్పుడు మొత్తంగా లేవాలి" అందట. శౌరమ్మ సరేనంది.

ఏడాది తిరక్కుండానే ఇన్నమ్మ పోయింది. ఆమెను పూడ్చేనాటికి నేనింకా ఆసుపత్రి బీరువాలోనే ఉన్నాను. నాకు చదువబ్బింది అక్కడే. నేర్పినవాళ్ళు లేరు, పక్క బిళ్ళల మీది పేర్లు చూసి చూసి కూడబలుక్కున్నాను. ఆ తర్వాత శౌరమ్మ వచ్చి అడిగి తీసుకుని, పౌడరు డబ్బాలో నన్ను దాచి, ఊరి బస్సెక్కింది.

ఇంట్లో తోడికోడలు మార్తమ్మ ముక్కు మూసుకుంది. "ఏందక్కా, క్యాన్సరు ముక్కని మరియమ్మ పటం కింద పెడతావా? పిల్లాజెల్లా తిరిగే ఇల్లు!"

"అది నీకంటుకోదులేవే. నీ నోరే దానికి అంటుకునిద్దేమోనని నా భయం."

నిజానికి నా భయమంతా ఎండ గురించే. వేసవిలో ఇంటి పైరేకులు కాలిపోతుంటే, నేను కరిగితే ఇన్నమ్మ జారిపోతుందని వణికాను. శౌరమ్మ తడిగుడ్డ చుట్టి మంచినీళ్ళ కుండ పక్కన పెట్టింది. ఆమె చూపంతా పోయినవాళ్ళ కోసం నవంబరులో చేసే సమాధుల పండుగ మీదే. ఆ రోజున నన్ను చెల్లెలి దగ్గరకు చేర్చాలని ఆమె పట్టుదల.

పండుగ వచ్చింది. సమాధుల దొడ్డంతా కొవ్వొత్తులు, బంతిపూలు, కొత్త సున్నం వాసన. శౌరమ్మ ఇన్నమ్మ తలవైపు పాత గరిటెతో గుంట తవ్వి నన్ను దించింది. అంతలో ఇన్నమ్మ కూతురు లూర్దు బస్సు దిగి రొప్పుతూ వచ్చింది.

"పూడ్చొద్దు పెద్దమ్మా! అది నాక్కావాలి."

"నీకెందుకే? మీ అమ్మది మీ అమ్మకిచ్చేస్తన్నా."

"అమ్మమ్మ ఇట్టాగే పోయింది, అమ్మా ఇట్టాగే పోయింది. నాకూ వచ్చిద్దేమోనని కంటి మీద కునుకు లేదు. ఇట్టా వరసగా వస్తంటే, పుట్టుకతోనే జన్యువుల్లో ఏదో మార్పు ఉండొచ్చంట. అది జబ్బు కాదంట. జబ్బొచ్చే ముప్పు ఎక్కువని చెప్పే గుర్తంట. ముందు అమ్మలో అది దొరికితే, నాలోనూ దాన్నే వెతుకుతామంది డాక్టరమ్మ. అమ్మది ఇంకేం మిగిలింది పెద్దమ్మా మన దగ్గర?"

"దానికి మాటిచ్చానే. లేచేనాడు ముక్క తక్కువైతే నన్నడగదా?"

"అడిగితే నా పేరు చెప్పు."

శౌరమ్మ గుంట పక్కన మోకాళ్ళూనింది. తర్వాత నన్ను పైకి తీసి, కొంగుతో మట్టి తుడిచి, లూర్దు చేతిలో పెట్టింది.

మళ్ళీ చెక్కారు నన్ను. ఈసారి గడ్డను వదిలి, పక్కనున్న మంచి కండను పరీక్షించారు. అందులో ఆ మార్పు దొరికింది. బంగారం పంచుకునేటప్పుడు పోట్లాడుకునే మనుషులు దీన్ని మాత్రం తమకే తెలియకుండా పంచుకున్నారు. లూర్దు రక్తంలోనూ అదే ఉంది. శౌరమ్మ పట్టుబట్టి తన రక్తమూ ఇచ్చింది. ఆమెలో లేదు. సంతోషిస్తుందనుకున్నాను. "ఒక్క కడుపున పుట్టాం గదే, ఇందులోనూ విడిపోయామా చెల్లీ" అని నన్ను గుండెకు అదుముకుని ఏడ్చింది.

మరుసటి పండుగకు లూర్దే గుంట తవ్వింది. అరిగిపోయి మిగిలిన నన్ను శౌరమ్మ అందులో పెట్టింది. మాట దక్కింది.

ఇప్పుడు ఇన్నమ్మ పక్కనే ఉన్నాను. ఆమె నిశ్చింతగా నిద్రపోతోంది. నాకు మాత్రం నిద్ర లేదు. లూర్దు ఏటా పరీక్షకు వెళుతుంది, శౌరమ్మ తోడు వెళుతుంది. పైన సున్నం వాసన తగలగానే నేను చెవులు రిక్కిస్తాను. అడుగులు వినిపించాలి. రెండు జతలూ వినిపించాలి. అవి దగ్గరికొచ్చి ఆగుతాయి. మట్టి మీద మైనం బొట్టు పడుతుంది.

"అమ్మా, ఈ ఏడు కూడా ఏం లేదన్నారు" అంటుంది లూర్దు.

నేను ఇన్నమ్మను లేపి చెబుతాను. మళ్ళీ పండుగ దాకా ఆమె పడుకుంటుంది.